నాలుగో జాగ్రత్త

మార్చి 4, మంగళవారం

మందుల కౌంటర్లో లాప్‌టాప్ తెర పగిలింది. లోపల పెన్ను ఉండగానే మూత మూసేశారు. కొత్త తెర తెప్పించి బిగించాలి. ఫారంలో కారణం దగ్గర "వాడినవారి అజాగ్రత్త" అని రాశాను. వాడినవారు ఎవరో కాదు, మా అక్క. సంతకం పెట్టింది.

జనవరి నుంచి ఇది మూడోది. ఆస్పత్రిలో నలభై మూడు లాప్‌టాప్‌లకు నేనొక్కణ్ణి. ఎన్నింటికని కాపలా కాయను? ప్రతి గది తలుపు వెనకాలా పది జాగ్రత్తలు రాసి అంటించాను. దిండు మీద పెట్టి వాడొద్దు, గాలి ఆడక వేడెక్కి చస్తుంది అని రాశాను. దిండు తీసేసి దుప్పటి మడిచి వేశారు. తెర మీద నేరుగా ఏమీ చల్లొద్దు, మెత్తటి గుడ్డని కొంచెం తడిపి తుడవండి అన్నాను. సూది పొడిచేముందు చెయ్యి తుడిచే స్పిరిట్ దూదితో తుడిచారు. పిల్లిపిల్లని మెడ పట్టి ఎత్తినట్టు తెర పట్టుకుని ఎత్తుతారు. నాలుగోది మరీ పెద్ద అక్షరాలతో రాశాను. మూత మూసేముందు కీబోర్డు మీద ఏమీ లేదని ఒకసారి చూసుకోండి అని. చదివేవాడేడీ?

"పెన్ను నేనెప్పుడూ కోటు జేబులోనే పెట్టుకుంటాను కదరా చిన్నా" అంది అక్క.

"ఒక్కోసారి మర్చిపోతాంలే అక్కా" అన్నాను.

సూపరింటెండెంటుగారు పక్కనే నిలబడి ఉన్నారు. అంతకన్నా ఏమనాలి?

మార్చి 5, బుధవారం

కొత్త తెరకి ఆర్డరు పెట్టాను. పగిలినదాన్ని విప్పి, బీరువాలో మిగతా రెండింటి పక్కన పెట్టాను. పట్టి చూడలేదు.

మార్చి 7, శుక్రవారం

చూశాను.

నిజానికి మంగళవారమే చూశాను. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసుకుంటే, ఇక ఇది రాయడం ఎందుకు? మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక సర్వరు గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ చలికి ఎవరూ రారు.

పెన్ను వల్ల తెర పగిలితే, పగులు పెన్ను తగిలిన చోట మొదలవుతుంది. కీబోర్డు మీద పెన్ను అంటే తెరకి మధ్యలోనో కిందనో. ఇది పై అంచున, సరిగ్గా కెమెరా కింద మొదలై రెండు వైపులకీ పాకింది. మూడు తెరలూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. మూడింట్లోనూ అదే చోటు. అక్కడ ఉండేది ఒక్కటే. కెమెరా మీద అటూ ఇటూ జరిపే చిన్న ప్లాస్టిక్ మూత. నలభై మూడింటికీ నా బొటనవేలితో నొక్కి మరీ అంటించింది నేనే.

తెప్పించమని గోల చేసిందీ నేనే. రోగుల మర్యాద కాపాడాలి, ఎవరో ఎక్కడినుంచో కెమెరాలోంచి చూడకూడదు అని మీటింగులో పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు. ఆ రోజే ఫిజియోథెరపిస్టు నాకు "తొడుగుల డాక్టరు" అని పేరు పెట్టాడు. పేరు తగినదే. కీబోర్డుకి రబ్బరు తొడుగు, మోసుకెళ్ళడానికి మెత్తటి సంచి, చార్జరు తీగ మెడ దగ్గర విరక్కుండా స్ప్రింగు, కెమెరాకి మూత. పాత లాప్‌టాప్‌ల మీద ఆ మూతలు ఏడాది పాటు ఉన్నాయి, ఏమీ కాలేదు. జనవరిలో కొత్తవి వచ్చాయి. మూస్తే మధ్యలో కాగితం కూడా దూరనంత పల్చటివి. పాతవాటి మీద మూతలు ఊడదీసి వీటికి అంటించేశాను. ఇవాళ కొత్తవాటితో వచ్చిన చిన్న పుస్తకం తెరిచాను. ఏడో పేజీలో ఉంది, మూసేటప్పుడు కెమెరా మీద ఎలాంటి మూతా ఉండకూడదని. పుస్తకం చదవరు, చదవరు అని లోకాన్నంతా తిడతాను. కంచే చేను మేసింది.

మొదటి రెండు పగిలినప్పుడు నాకు నిజంగా తెలియదు. బ్యాగులో ఒత్తిడి పడిందని చెప్పాను, అదే అనుకున్నాను. మంగళవారం మాత్రం లాప్‌టాప్ మూత ఎత్తగానే తెలిసిపోయింది. "ఎలా పగిలిందయ్యా?" అని సూపరింటెండెంటుగారు అడిగారు. కౌంటరు మీద పెన్ను కనిపించింది. సంతకం పెట్టడానికని రోగుల కోసం పెట్టిన పెన్ను. నా నోరు దానంతటదే చెప్పేసింది.

పోతే పోయింది తెర, ఇంకోటి వస్తుంది. అక్కని ఎవరూ ఏమీ అనరు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. సోమవారం మెల్లిగా చెప్పేస్తాను.

మార్చి 10, సోమవారం

చెప్పలేదు.

కొత్త తెర వచ్చింది. బిగించడానికి కౌంటరుకి వెళ్ళాను. అక్క కోటు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకుని మళ్ళీ లోపల పెట్టింది. కాసేపటికి మళ్ళీ తీసింది.

"ఏంటక్కా అది?"

"ఏంలేదురా. ఏది ఎక్కడ పెడుతున్నానో రాసుకుంటున్నా."

చూపించింది. 9.10 తాళాలు, కుడి సొరుగు. 9.25 పెన్ను, జేబు. 9.40 పెన్ను, జేబు. 10.05 పెన్ను, జేబు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"పిచ్చి కదూ" అని నవ్వింది. నేనూ నవ్వాను. తెర బిగిస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. ఆఖరి మర తిప్పుతుంటే మెల్లిగా అంది, "అమ్మకీ ఇలాగే మొదలైంది కదరా."

అమ్మ బట్టలు కుట్టేది. కొలతలు ఎప్పుడూ రాసుకోలేదు. మనిషిని ఒకసారి చూస్తే చాలు, భుజం, ఛాతీ, చేతి పొడవు అన్నీ బుర్రలో ఉండిపోయేవి. అలాంటి మనిషి ఒకరోజు ఒకరి గుడ్డని ఇంకొకరి కొలతకి కత్తిరించేసింది. కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అక్క ఒక్క ఉదుటున వెళ్ళి, "నేనేలే అమ్మా, గుడ్డలు సర్దుతూ నేనే అటుదిటు చేశాను" అంది. అప్పటినుంచీ మా ఇద్దరికీ అదే మాట అలవాటైపోయింది. దారపుకండె కనిపించకపోతే నేనేలే. పొయ్యి ఆర్పకపోతే నేనేలే. ఒకావిడ తన గౌను ఇవ్వలేదని గొడవకొస్తే, ఇచ్చేశామని అమ్మకి చూపించడానికి దొంగ రసీదు కూడా రాశాను. అమ్మ చాలాకాలం నమ్మింది. తర్వాత నమ్మడం మానేసింది. మేం అనడం మానలేదు.

అప్పుడు అమ్మకి యాభై నాలుగు. అక్కకి ఇప్పుడు యాభై ఒకటి.

ఇవన్నీ తెలిసి కూడా మర బిగించి, పెట్టె సర్దుకుని వచ్చేశాను.

మార్చి 11, మంగళవారం

ఇవాళ పెన్ను గురించి పద్నాలుగు సార్లు రాసుకుందట. నవ్వుతూనే చెప్పింది.

మార్చి 14, శుక్రవారం

పొద్దుటినుంచి గది గదికీ తిరిగి కెమెరా మూతలు పీకేశాను. జిగురు మంచిది కాదట, తీసేయమన్నారు అని అందరికీ చెప్పాను. జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చ చేస్తే అంచు లేస్తుంది, గోరుతో లాగితే వచ్చేస్తుంది. నలభై మూడు. అన్నీ ఒక డబ్బాలో వేశాను.

"తొడుగుల డాక్టరే తొడుగులు విప్పేస్తే ఇక రోగాలు రావూ?" అన్నాడు ఫిజియోథెరపిస్టు. తర్వాత మామూలుగానే, "నా తెర దీనివల్ల పగల్లేదు కదా?" అని నవ్వాడు.

"ఛ, అది బ్యాగులో ఒత్తిడి. అప్పుడే చెప్పాను కదా. బ్యాగులో ఒత్తిడి వల్లే" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఒకటికి రెండుసార్లు చెప్పాను. అతను అప్పటికే ఎవరి మోకాలో వంచడంలో పడిపోయాడు.

అక్క లాప్‌టాప్ ఆఖర్న చేశాను. ఇచ్చేముందు నోటుపుస్తకం తీసి, 12.20, లాప్‌టాప్, చిన్నా చేతికి, అని రాసుకుంది.

ఇక ఏ తెరా పగలదు. మంచి పనే చేశాను.

మార్చి 16, ఆదివారం

మధ్యాహ్నం భోజనానికి అక్కావాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది మేనకోడలు. "రా మామయ్యా, మా ఇల్లు కూడా మీ ఆస్పత్రిలా అయిపోయింది చూడు" అంది.

వంటింటి తలుపు వెనకాల కాగితం. పైన పెద్ద అక్షరాలతో "నాకు పది జాగ్రత్తలు" అని ఉంది. నేను రాసినట్టే, నేను గీసినట్టే కింద రెండు గీతలు. పొయ్యి ఆర్పానా? కుళాయి కట్టానా? తాళం ఎవరి దగ్గర? నాలుగోది, ఏది మూసినా మూసేముందు చూసుకో.

"మీ మామయ్య తలుపుల మీద అంటిస్తే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు తెలిసొచ్చింది" అంది అక్క, వడ్డిస్తూ.

తిన్నాను. రెండోసారి పెడితే అదీ తిన్నాను. ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

బావ స్కూలు బస్సు నడుపుతాడు. మాట తక్కువ. చేతులు కడుక్కునే దగ్గర నా పక్కన నిలబడి, "ఏమోయ్, నువ్వైతే రోజూ చూస్తుంటావు. నీకేమైనా తేడా కనిపిస్తోందా?" అన్నాడు.

"లేదు బావా. బాగానే ఉంది."

"తాళం వేసి వీధి చివరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోతోంది. మొన్న పిల్లని పిలవబోయి ఒక్క క్షణం ఆగింది. పేరు గుర్తురాక ఆగిందో, గుర్తురాదేమోనని భయపడి ఆగిందో నాకు తెలీలేదు." కుళాయి కట్టేశాడు. "ఆ పెన్ను దగ్గర మొదలైంది ఇదంతా."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తువ్వాలు అందించాడు, తుడుచుకున్నాను.

మార్చి 17, సోమవారం

ఒక ఉపాయం తట్టింది. మొత్తం చెప్పకపోయినా పెన్ను ఒక్కటి తీసేస్తే అక్క మనసు తేలికపడుతుంది కదా అనుకున్నాను. కౌంటరు దగ్గర జనం లేనప్పుడు వెళ్ళి, "అక్కా, ఆ తెర మళ్ళీ చూశాను. పెన్ను కాదు. పెన్నైతే పగులు అలా రాదు. ఏదో చిన్న పిన్ను లాంటిది అయ్యుంటుంది. ఎగిరొచ్చి పడి ఉంటుంది, ఎవరూ గమనించరు" అన్నాను.

అక్క ముఖం తెల్లబోయింది.

"పిన్నా? ఆ రోజు చీటీలకి పిన్నులు కొట్టింది నేనేరా. పెన్నంటే అలవాటు కొద్దీ అక్కడ పెట్టేశానేమో అనుకున్నా. పిన్ను పడేసుకుని, చూసుకోకుండా మూశానా? అదీ గుర్తులేదే."

పిన్నుల డబ్బా బోర్లించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు ఎన్ని వాడిందో, ఎన్ని మిగలాలో. నేను "వదిలెయ్ అక్కా" అంటూనే ఉన్నాను. పెనం మీంచి తీసి పొయ్యిలో వేశాను మనిషిని.

ఇంత జరిగినా నోరు పెగల్లేదు. అక్కని బాధనుంచి తప్పించాలని కాదు, నన్ను నేను తప్పించుకోవాలని చెప్పిన మాట అది. సగం నిజం చెప్తే సగమైనా పుణ్యం వస్తుందనుకున్నాను. సిగ్గులేని వెధవని.

మార్చి 20, గురువారం

ఇవాళా చెప్పలేదు.

మార్చి 21, శుక్రవారం

అక్క జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మన ఆస్పత్రిలో అయితే అందరికీ తెలిసిపోతుందని ఊరి అవతల వేరే చోటికి. "బావకి చెప్పలేదు, నువ్వు తోడు రారా" అంది. వెళ్ళాను. వెళ్ళకుండా ఉండే ముఖం ఎక్కడుంది నాకు?

నలభై నిమిషాలు లోపల ఉంది. నేను బయట బెంచీ మీద అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వచ్చి పక్కన కూర్చుంది.

"గడియారం గీయమన్నారు. అయిదు మాటలు చెప్పి, మధ్యలో లెక్కలు చేయించి, మళ్ళీ అడిగారు. అన్నీ చెప్పాను. ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి అంది డాక్టరు."

"చూశావా మరి."

"పరీక్షలు నేనెప్పుడు తప్పాను? పెన్ను సంగతి చెప్పాను. ఎవరైనా మర్చిపోతారమ్మా అంది. మర్చిపోయానని కాదు డాక్టరుగారూ, మర్చిపోయినట్టు కూడా నాకు తెలీలేదు, అదీ నా భయం అన్నాను. ఆవిడ దానికేం చెప్పలేదు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. సూపరింటెండెంటుగారికి ఉత్తరం. మందులిచ్చే కౌంటరునుంచి తప్పించి గోడౌనుకి మార్చమని. బుధవారం ఇస్తుందట.

"గోడౌన్లో అట్టపెట్టెలు లెక్కపెట్టడమేగా అక్కా."

"పెట్టె తప్పు లెక్కపెడితే ఎవరూ చావరు" అంది. తర్వాత వేలితో కిటికీ అద్దం మీద గీసి చూపించింది. "అర మిల్లీగ్రాము రాసినా, అయిదు మిల్లీగ్రాములు రాసినా అంకె అదే. మధ్యలో ఒక్క చుక్క తేడా. ఆ చుక్క చూశానో లేదో నాకే నమ్మకం లేకపోతే ఎవరి పిల్లకో పదింతలు ఇచ్చేస్తాను. ఇచ్చినట్టు కూడా నాకు తెలీదు."

ఇరవై రెండేళ్ళలో ఒక్క పొట్లం తప్పు ఇవ్వలేదు మా అక్క. డాక్టర్లు తప్పు రాస్తే చీటీ పట్టుకుని మూడో అంతస్తుకి వెళ్ళి దిద్దించుకొచ్చే మనిషి. ఆ కౌంటరు వెనక నిలబడినప్పుడు ఆవిడకి ఒక పొగరుంటుంది, నాకది చాలా ఇష్టం.

దిగాల్సిన చోట దిగి ఎటువాళ్ళం అటు వెళ్ళిపోయాం.

మార్చి 24, సోమవారం

చెప్పాను. చెప్పిన తర్వాత కంటే చెప్పకముందే నయం.

భోజనాల వేళ అక్క వెనక మెట్ల మీద డబ్బా విప్పుకుని కూర్చుంటుంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో పొద్దుటినుంచి పది రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు.

"అక్కా, ఆ తెర నీవల్ల పగల్లేదు. పెన్నూ లేదు, పిన్నూ లేదు. నువ్వేం మర్చిపోలేదు."

"మరి?"

"నేనేలే అక్కా."

ఆ మాట అలా వచ్చేసింది. ఇరవై ఏళ్ళ అలవాటు. వచ్చాక వెనక్కి తీసుకోలేను.

అక్క చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలేసింది.

"అంతదాకా వచ్చిందా?" అంది.

"ఏంటక్కా?"

"నాకు కూడా నేనేలే చెప్పేదాకా వచ్చిందా నా పరిస్థితి?"

కాదక్కా, ఇది నిజం, అన్నాను. కెమెరా మూతలు, పల్చటి లాప్‌టాప్‌లు, ఏడో పేజీ, అన్నీ చెప్పాను. తొందర తొందరగా, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఎంత వివరంగా చెప్తే అంత అబద్ధంలా ఉంది. అమ్మకి చెప్పినప్పుడూ మేం ఇలాగే వివరాలు పోసేవాళ్ళం. అక్క తల ఊపుతూ విన్నది. అమ్మ ఆఖరి రోజుల్లో ఊపినట్టే ఊపింది.

"వచ్చి తెరలు చూడు. మూడూ నా బీరువాలో ఉన్నాయి."

"అమ్మకి దొంగ రసీదు రాసినవాడివి. నాకోసం ఇంకో రెండు తెరలు పగలగొట్టవూ?" నా చెయ్యి మీద చెయ్యి వేసింది. కళ్ళల్లో నీళ్ళు. "నువ్వు మంచివాడివిరా చిన్నా. అది నాకెప్పుడూ తెలుసు."

తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే, కొట్టి ఉంటే పడేవాణ్ణి. ఆ చెయ్యి తీసేదాకా అలాగే కూర్చున్నాను. అక్క డబ్బా మూతపెట్టింది. మూతపెట్టేముందు లోపలికి ఒకసారి చూసుకుంది.

మార్చి 25, మంగళవారం

మొదటిరోజే చెప్పి ఉంటే నమ్మేది. మందుల సీసాకి ఉన్నట్టు నిజానికీ గడువు ఉంటుందేమో. రేపే అక్క ఉత్తరం ఇచ్చేది.

ఓదార్చడానికి అక్కతో ఏమైనా చెప్పొచ్చు. సూపరింటెండెంటుకి మాత్రం అలాంటి అబద్ధం రాసి సంతకం పెట్టి ఎవరూ ఇవ్వరు. ఈ సంగతి నాకు నిన్న మెట్ల మీదే తెలుసు. తెలిసే లేచి వచ్చేశాను.

మార్చి 26, బుధవారం

ఎనిమిదింటికే వెళ్ళి సూపరింటెండెంటుగారి తలుపు దగ్గర నిలబడ్డాను. చేతిలో మూడు తెరలు, ఆ చిన్న పుస్తకం, మూతల డబ్బా, నేను రాసిన కాగితం. కాగితం చదివారు. ఏడో పేజీ చదివారు. ఒక మూత తీసి, బల్ల మీదున్న ఆయన లాప్‌టాప్ కెమెరా మీద పెట్టి, మెల్లిగా మూయబోయి, చివర్లో ఆగిపోయారు.

"తెలియక అంటించావు. అది అర్థమైంది. మూడోది పగిలిన రోజు తెలిసింది అని రాశావు."

"అవునండీ."

"మరి ఆవిడ చేత సంతకం ఎందుకు పెట్టించావు?"

ఇదే ఆస్పత్రిలో పదకొండేళ్ళుగా అందరికీ జాగ్రత్తలు చెప్పిన నోరు. మెచ్చుకున్న మనిషి ఎదురుగా, నా వల్లే పగిలింది అని అనలేకపోయింది, అంతే. అక్క ఏమీ అనుకోదని, ఏదైనా భరిస్తుందని తెలిసే అక్క మీద పెట్టాను. ఇంకెవరి మీద పెట్టినా ఎదురు తిరిగేవాళ్ళు. ఈ మాట అక్కడ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అక్కకి కబురు పంపారు. చేతిలో ఉత్తరంతో వచ్చింది. నన్ను చూసి, తెరలు చూసి, "సార్, వీడు నా తమ్ముడు. నా గురించి బాధపడి ఇలా..." అని మొదలుపెట్టింది.

"ఇది చదవండమ్మా ముందు" అని కాగితం ఆవిడ ముందుకి తోశారు.

చదివింది. జేబులోంచి స్కేలు తీసింది. మూడు తెరల మీదా పై అంచునుంచి పగులు మొదలైన చోటికి కొలిచింది, పక్క అంచునుంచి కొలిచింది. డబ్బాలోంచి మూత తీసి దాన్నీ కొలిచింది. చీటీలో మోతాదు చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా, ఒక్కోదాన్ని రెండుసార్లు. నావైపు చూడలేదు. తన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుని, "కౌంటరు దగ్గర జనం ఉన్నారు సార్" అని వెళ్ళిపోయింది.

నామీద విచారణ ఉంటుందన్నారు. ఉండాలి. పాత కాగితాలన్నీ చింపి, ప్రతి తలుపు వెనకా కొత్తది అంటించాను. జనవరినుంచి పగిలిన మూడు తెరలకూ కారణం నేను అంటించిన కెమెరా మూతలు. వాడినవారి తప్పు ఏమీ లేదు. మార్చి 4న మందుల కౌంటర్లో లాప్‌టాప్ లోపల పెన్ను లేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. కింద నా సంతకం. ఫిజియోథెరపిస్టు చదువుతూ నిలబడ్డాడు. జోకు వేస్తాడేమోనని చూశాను. వెయ్యలేదు. పక్కకి జరిగి నాకు దారి ఇచ్చాడు.

మార్చి 27, గురువారం

అక్క భోజనాల వేళ నేనుండే గదికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఇక్కడికి రావడం ఇదే మొదలు. తలుపు వేసి, నా కుర్చీలో కూర్చుంది. నేను స్టూలు లాక్కున్నాను. కోటు జేబులో నోటుపుస్తకం లేదు.

క్షమించమని అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"మార్చి నాలుగు, మంగళవారం" అంది. "పదకొండు దాటి పది నిమిషాలు. గళ్ళ చొక్కా వేసుకున్నావు. మూత ఎత్తగానే నీ ముఖం మారింది. నేను చూశాను. తెర బాగా పోయిందేమో అనుకున్నా. రోగుల పెన్ను, నీలం రంగుది, దానికి క్లిప్పు లేదు. ఎడమచేత్తో తీసి సూపరింటెండెంటుగారికి చూపించావు. పెన్ను పెట్టి మూసేశావక్కా అన్నావు. నేను జేబు తడుముకున్నాను. నా పెన్ను నా జేబులోనే ఉంది. నా చేతికి తగులుతోంది. అయినా నీ మాటే నమ్మాను."

ఏ కాగితమూ చూడకుండా చెప్తోంది. గొంతు పెంచలేదు.

"పదో తారీకు, నోటుపుస్తకం చూపిస్తే నవ్వావు. ఆ పేజీలో నాలుగు వరసలున్నాయి, మూడు వరసలు పెన్నే. అమ్మ మాట ఎత్తాను. నీ చేతిలో మరలు తిప్పేది ఉంది, ఆగింది. మళ్ళీ తిప్పావు. పదహారు, మా ఇంట్లో నా కాగితం నాలుగో వరసదాకా చదివి ఆగిపోయావు. తర్వాత రెండుసార్లు పెట్టించుకుని తిన్నావు. పదిహేడు, పిన్ను అన్నావు. ఎనభై ఆరు పిన్నులు లెక్కపెట్టాను, నువ్వు చూస్తూ నిలబడ్డావు. ఇరవై ఒకటి, డాక్టరు గది బయట నా సంచి నీ ఒళ్ళో ఉంది."

ఒక్క తేదీ తప్పు లేదు, ఒక్క మాట తప్పు లేదు. నేను ఈ డైరీలో రాసుకోనివి కూడా ఉన్నాయి. వింటూ వింటూ నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సిగ్గుతో వచ్చిందో, అక్కకి అన్నీ గుర్తున్నాయన్న సంతోషంతో వచ్చిందో చెప్పలేను. రెండూ ఒకేసారి వచ్చాయి.

"అమ్మ ఇవన్నీ మర్చిపోయేది, నీకు సుఖంగా ఉండేది" అంది అక్క. "నేను మర్చిపోనురా. ఒక్కటీ మర్చిపోను. నాకేం కాలేదు."

"తెలుసక్కా" అన్నాను.

అయిపోయిందనుకుని లేవబోయాను.

"కూర్చో" అంది. "ఇరవై నాలుగో తారీకు ఇంకా ఉంది."

కూర్చున్నాను.